హారన్‌తో ఊ కొట్టే మనిషి

"ఏదీ, పై వరుస నుంచి ఇంకోసారి చదవండి అక్కగారూ."

"మూడోసారి చదివిస్తున్నావు తమ్ముడూ. నేనొచ్చింది కళ్ళజోడు కాడ ఊగుతోందని. మర బిగించి పంపించక నాకీ పరీక్షలేంటి?"

"తొందరపడకండి. కళ్ళతో తొందర పనికిరాదు."

"కళ్ళతోనా, నీ ఎడం చేత్తోనా?"

కళ్ళజోళ్ళాయన నవ్వేశాడు. దొరికిపోయిన దొంగ నవ్వు అది. పరదాల మూట ఒళ్ళో పెట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చున్న అక్కగారు ఆ షాపుకి పాత మనిషి. ఆవిడకే కాదు, ఆ వీధి మొత్తానికీ తెలిసిన రహస్యమే. పొద్దున్నే ఆ షాపు మెట్లెక్కిన మొదటి మనిషికి, వచ్చిన పని ఏదైనా సరే, గోడమీది అక్షరాల అట్ట చదవక తప్పదు. అరచేతంత అక్షరం నుంచి చీమ తలకాయంత అక్షరం దాకా చదవాలి, మళ్ళీ మొదటికి రావాలి. ఎంత శ్రద్ధగా చూస్తాడో అని కొత్తవాళ్ళు మురిసిపోతారు. కొందరు తమ చూపుకి ఏదో మూడిందని బెంగపెట్టుకుని ఇంటికెళ్తారు. అసలు సంగతేమిటంటే, ఆ వేళకి ఆయన ఎడమచేతి వేళ్ళు బల్ల కింద ఇంకా వణుకుతూ ఉంటాయి. ఫ్రేము పట్టుకోవాల్సింది ఆ చెయ్యే. ఆవగింజంత మర జారి కింద పడిందంటే మోకాళ్ళమీద పాకుతూ వెతుక్కోవాలి. అలా పాకుతుండగా ఒకసారి షాపు యజమాని వచ్చి, మనిషి కనబడక, "షాపు తెరిచిపెట్టి ఎక్కడికి పోయాడీయన!" అని బల్లమీద చరిచాడు. అప్పుడే చేతికి చిక్కిన మర మళ్ళీ దొర్లిపోయింది. అట్ట చదివించడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

వేళ్ళ వణుకుకి కారణం షాపు ముందు స్టాండు వేసి నిలబెట్టి ఉంటుంది. మేనమామ వాడి వాడి ఇచ్చిన మోటారు సైకిలు. దాని క్లచ్ నొక్కడమంటే మొండి ఎద్దు ముక్కుతాడు పట్టి వెనక్కి లాగడమే. ఖాళీ రోడ్డైతే ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ ఆయన ఇంటికీ షాపుకీ మధ్య, రైలు గేటు దాటాక, బళ్ళు నత్తలకి నడక నేర్పుతున్నట్టు కదులుతాయి. నొక్కాలి, కాస్త వదలాలి, జానెడు కదలాలి, మళ్ళీ నొక్కాలి. పూర్తిగా వదిలితే ముందున్న బస్సుని గుద్దుతుంది. పోనీ న్యూట్రల్లో పెడదామంటే, ఆ బండికి న్యూట్రల్ వెతికితే దొరకదు. వెతకనప్పుడు దానంతటదే పడుతుంది.

బాగుచేయించాలన్న మాట ఇంట్లో ఎత్తితే, ఆయన తల్లి ఊరుకునేది కాదు. "మా తమ్ముడు అన్నేళ్ళు నడిపాడురా. ఏనాడూ చెయ్యి నొప్పి అన్న పాపాన పోలేదు" అనేది. ఆ తమ్ముడికి పెళ్ళాన్ని వెనకెక్కించుకుని రద్దీలో తిరిగే పని ఏనాడూ పడలేదని కొడుకు నోటిదాకా వచ్చేది. మింగేసేవాడు.

ఎందుకంటే వెనక సీటు సంగతి తల్లి దగ్గర ఎత్తకూడనిది. భార్య ఒక పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. లోపల యంత్రాల మోతకి ఆడవాళ్ళు చేతులూపుకుంటూ మాట్లాడుకోవాల్సిందే. ఇంటికొస్తే రెండు గదులు, మధ్యలో అత్తగారు. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఆ ఇంట్లో గోడలకి ఆ అవసరం లేదు. అన్నీ ఆవిడే వింటుంది. అందుచేత ఆలుమగలు చెప్పుకోవాల్సిన మాటలన్నీ, అలకలూ పోట్లాటలతో సహా, బండెక్కాకే. షాపుకి వచ్చే దారిలోనే లాండ్రీ. పొద్దున దింపుతాడు, సాయంత్రం ఎక్కించుకుంటాడు. ఆవిడ మాటలు లాండ్రీ గేటు దగ్గర ఆగిపోయి, సాయంత్రం ఆగినచోటే అందుకుంటాయి.

ఒక్కటే చిక్కు. చెప్పేవాళ్ళకి ఊ కొట్టే మనిషి ఉండాలి. హెల్మెట్ లోపల ఈయన కొట్టే ఊ ఆవిడకి వినబడదు. తల ఊపితే బండి ఊగుతుంది. చివరికి దారి దొరికింది. హారన్ మీట ఎడమ బొటనవేలి కిందే ఉంది కదా! ఆవిడ వాక్యం ముగించినప్పుడల్లా 'పీ' అని చిన్నగా ఒక్క నొక్కు. అదే ఊ.

"ఎందుకయ్యా ఊరికే మోగిస్తావు? ఎగిరిపొమ్మంటావా?" అని ముందు ఆగినవాళ్ళు వెనక్కి తిరిగి అరిచేవారు.

"మీకు కాదండీ" అనేవాడు ఈయన వినయంగా. ఎవరికో మాత్రం చెప్పేవాడు కాదు.

అలా సాగిపోతున్న కాపురంలోకి, పనివాళ్ళని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి దింపడానికని లాండ్రీవాళ్ళు పెట్టిన వ్యాన్ వచ్చిపడింది.

"మన సందు మొదట్లోనే ఆగుతుందట. రేపో ఎల్లుండో మొదలు. నేను అందులో వెళ్తాలెండి" అంది భార్య, మొన్న సాయంత్రం.

"వ్యాన్ ఎందుకు? బండి ఉందిగా."

"చెయ్యి చూసుకున్నారా? ఇందాక గ్లాసు అందుకుంటే సగం నీళ్ళు చొక్కా తాగింది."

"అది నిద్రమత్తు."

"సాయంత్రం పూట నిద్రమత్తా?"

"పోనివ్వరా, పిల్ల సుఖంగా కూర్చుని వెళ్తుంది" అంది తల్లి లోపలి గదిలోంచి. కోడలి పక్షాన ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. అన్నాళ్ళూ లేనిది సరిగ్గా అప్పుడే మాట్లాడాలా!

వెనక సీటు ఖాళీ అయిపోతుందన్న దిగులుతో ఆయన నిన్న షాపు కట్టేసి మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు. మెకానిక్ పాత క్లచ్ వైరు బయటికి లాగి, దీపం కింద పెట్టి చూశాడు.

"ఇది వైరా సార్, అరిగిపోయిన చీపురా? మీరు ఇన్నాళ్ళూ చేసింది డ్రైవింగ్ కాదు, కసరత్తు. ఏదీ, ఎడం చెయ్యి చూపించండి. కుడిదానికంటే లావెక్కి ఉంటుంది."

కొత్త వైరు పడింది, నూనె పడింది. చిటికెన వేలితో నొక్కి చూస్తే వెన్నలో వేలు పెట్టినట్టుంది. ఇక వ్యాన్ ఎందుకు ఎక్కుతుందో చూస్తాను అనుకున్నాడు.

ఇవాళ పొద్దున భార్యని ఎక్కించుకున్నాడు. రైలు గేటు దాటగానే, ఎప్పుడూ తాను తోకలా పట్టుకు వేలాడే బస్సుని ఎడమవైపు నుంచి కోసుకుంటూ దాటేశాడు. లారీకీ ఆటోకీ మధ్య సందులో చేపపిల్లలా దూరాడు. సైకిలాయనకి హారన్, అడ్డొచ్చినాయనకి హారన్, ఆటోకి రెండు హారన్లు. వెనక ఆవిడ ఏదో అంటోంది. గాలికి సగం కొట్టుకుపోయింది, మిగతా సగం ఈయన సంబరంలో కలిసిపోయింది. కాపలాదారు లాండ్రీ గేటు తాళం తీస్తుండగానే బండి అక్కడ ఆగింది.

"చూశావా, ఎంత తొందరగా తెచ్చానో!"

"చూశాను" అంది ఆవిడ దిగుతూ. "ఊళ్ళో వాళ్ళందరికీ ఊ కొట్టారు, నాకు తప్ప."

"అదేంటి?"

"ఒక మాట అడిగాను. రెండుసార్లు అడిగాను."

"ఏమడిగావు? ఇప్పుడు చెప్పు, వింటాను."

"గేటు దగ్గర చెప్పే మాటైతే ఇంట్లోనే చెప్పేదాన్ని. వ్యానే నయం. అక్కడ వినేవాళ్ళు లేరని ముందే తెలుస్తుంది. ఇవాళే మొదలట, సాయంత్రం మీరు రానక్కర్లేదు."

అదీ జరిగింది. ఏమడిగిందో ఆయనకి తెలియదు. షాపు తెరిచాడు, దీపాలు వేశాడు, అద్దాలు తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. సరిగ్గా అప్పుడే కాడ ఊగుతున్న కళ్ళజోడుతో అక్కగారు వచ్చారు.

"అయితే ఇవాళ చెయ్యి వణకట్లేదన్నమాట" అన్నారావిడ ఆయన చెప్పిందంతా విని.

ఎడమ చెయ్యి బల్లమీదికి తీసి చూపించాడు. గోడకి కొట్టిన మేకులా ఉంది.

"మరి నాచేత మూడుసార్లు ఎందుకు చదివించావయ్యా?"

"మీరు చదువుతుంటే ఊ కొడుతూ కూర్చోవచ్చని" అన్నాడు.

అక్కగారికి నవ్వొచ్చింది గానీ, ఆ ముఖం చూసి పరదాల మూట సర్దుకున్నట్టు తల వంచుకున్నారు. ఆయన కళ్ళజోడు అందుకున్నాడు. మర మొదటి ప్రయత్నానికే కుదురుకుంది, రెండు తిప్పులకే బిగిసింది. ఇన్నేళ్ళలో పొద్దున పూట అంత సుళువుగా పని అయిపోవడం అదే మొదలు. అయినా ఆయనకి ఏమాత్రం సంతోషం కలగలేదు.

"ఆ బస్సు వెనకాల ఉన్నంతకాలం చెయ్యి ఒక్కటే నొప్పి పుట్టింది" అన్నాడు కాడ మడిచి చూస్తూ. "దాన్ని దాటాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో."

"ఫోన్ చేసి ఆ మాటే చెప్పరాదూ?"

"లోపల ఆ మోతలో వినబడదు. వినబడినా నా నంబరు చూసి ఇవాళ తియ్యదు." కళ్ళజోడు ఆవిడ చేతికిచ్చి మూటకేసి చూశాడు. "పరదాలు ఉతకడానికేనా అక్కా?"

"ఆ. మీ ఆవిడ లాండ్రీకే."

ఆయన లేచి, మూట తనే అందుకుని మెట్లదాకా మోసుకొచ్చాడు.

"బట్టలు తీసుకునే ముందుగదిలో మోత ఉండదు. అక్కడికి పిలిపించి చెప్పండక్కా. సాయంత్రం వ్యాన్ ఎక్కొద్దనండి. బస్సు వెనకాలే వస్తాను, ఎక్కడా దూరను. ఎవరు అడ్డొచ్చినా హారన్ కొట్టను, ఆగుతాను. ఆ అడిగిందేదో మళ్ళీ మొదట్నుంచీ అడగమనండి."