యోహాను గారి జీవితచరిత్రలో లేని సమ్మె

తొంభైల మొదట్లో తెనాలిలో ఒక పుస్తకం కొన్నాను. రేపల్లె వైపు వ్యవసాయ కూలీలకు నాయకుడైన యోహాను గారి జీవితచరిత్ర అది. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. కూలి పెంచమని ఆయన చేయించిన సమ్మెలో మా నాన్న కూడా ఉన్నాడు. యోహాను గారిని ఆసాములు కళ్లంలోనే కొట్టారని, జైల్లో పెట్టారని, ఆ దెబ్బలతోనే మంచంపట్టి పోయారని నాన్న చెబుతుంటే వింటూ పెరిగాను. పుస్తకంలో సమ్మె లేదు, జైలు లేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనని శాంతమూర్తి జ్వరంతో కన్నుమూశాడట! నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే బయలుదేరాను.

తెనాలి నుంచి రేపల్లెకు పొద్దున్నే ప్యాసింజర్ ఉంటుంది. టికెట్టుకు చిల్లర డబ్బులు చాలేవి. దిగి రిక్షా ఎక్కి, యోహాను గారి ఇంటికి పోనిమ్మన్నాను.

"ఆ శాంతమూర్తి గారి ఇల్లేనాండి?" అన్నాడు రిక్షా అతను. "నేను ఆయన్ని చూళ్లేదండి. మొన్న వర్ధంతికి మైకులో చెప్పారు, జన్మలో ఎవరితోనూ గొడవ పడలేదంట."

యోహాను గారి భార్య రూతమ్మ గారు వసారాలో బియ్యం ఏరుతున్నారు. నా చేతిలో పుస్తకం చూడగానే చేట పక్కకు నెట్టేశారు.

"గొడవ పడకుండానే కూలి పెరిగిందంటా అమ్మాయ్? ఆయన వీపుకి కాపడం పెట్టినదాన్ని నేను. మా మనవరాలు ఆ పుస్తకం బట్టీపట్టి బళ్లో మాట్లాడి ప్రైజు తెచ్చుకుంది. మీ తాతని కొట్టారే అంటే, పుస్తకంలో అట్టా లేదు నాయనమ్మా అంటంది. నా ఇంట్లోనే నా మాట చెల్లకుండా చేశాడు ఆ రాసినాయన!"

"ఆయన మిమ్మల్ని అడగలేదాండి?"

"వచ్చాడు. ఫొటో అడిగి పట్టుకుపోయాడు."

ఆ మాట విన్నాక ఇంటికి తిరిగిపోబుద్ధి కాలేదు. చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కి మధ్యాహ్నానికి బాపట్ల చేరాను. పుస్తకం రాసిన రిటైర్డ్ లెక్చరర్ గారి ఇల్లు అక్కడే. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

"జైలు సంగతి మీకు తెలియదా సార్?"

"తెలుసమ్మా. ఇప్పుడు ఆయన విగ్రహానికి అందరూ దండలేస్తున్నారు. కొట్టినవాళ్ల పిల్లలు కూడా వేస్తున్నారు. అవన్నీ రాస్తే వేస్తారా?"

"వాళ్ల దండ లేకపోతే ఆయనకేంటండి నష్టం? దెబ్బలు తిన్నది ఆయన. వాటిని దాచడానికి మీరెవరు?"

"ఆవేశపడకమ్మా. రెండో ముద్రణలో చూద్దాంలే."

కాఫీ ముట్టకుండా లేచొచ్చేశాను. రెండో ముద్రణ వచ్చింది. సమ్మె రాలేదు. దండలేస్తున్న పెద్దల ఫొటోలు మాత్రం కొత్తగా చేరాయి. అప్పటికి రూతమ్మ గారు లేరు.

బతికున్నన్నాళ్లూ యోహాను గారి నోరు మూయించలేకపోయారు. పోయాక ఒక్క పుస్తకంతో మూయించారు, అదీ పొగుడుతూ. ఇది తలచుకుంటే ఈనాటికీ నా కోపం చల్లారదు. మీరెవరైనా ఇలా ఒక నాయకుడి ఊరు చూడటానికి వెళ్తే పొద్దుటి బండికే వెళ్లండి. ఎండెక్కితే ముసలివాళ్లు నడుం వాలుస్తారు. విగ్రహం దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, అదెక్కడికీ పోదు.