ఆది జాకెట్టు తెచ్చుకోండి

నా దుకాణం గోడ మీద ఆరేళ్లుగా ఒక అట్టముక్క వేలాడుతోంది. "కొలతలు తీయబడవు. ఆది జాకెట్టు తెచ్చుకోండి" అని దాని మీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తే, దాన్ని బల్ల మీద పరిచి, సుద్దతో గీసుకుని కొత్తది కత్తిరిస్తాం. అదే ఆది. బాన్సువాడలో జాకెట్లు కుట్టే ఏ ఆడదాన్నడిగినా ఆదితో అయితే పని తొందరగా తెములుతుందని చెబుతుంది. నన్నడిగినవాళ్లకు నేనూ అదే చెప్పాను. అబద్ధం. నేను ఆ అట్ట పెట్టింది చూడకుండా ఉండడానికి.

టేపు పట్టి కొలత తీయాలంటే ఆడమనిషి కొంగు పక్కకు వేయాలి, చేతులెత్తాలి, వెనక్కి తిరగాలి. అప్పుడు కనిపిస్తాయి. భుజం మీద నాలుగు వేళ్ల గుర్తు. మోచేతి పైన పచ్చబడుతున్న కమిలిన మచ్చ. వీపు మీద బెల్టు వాత. "బాత్రూంల జారిన అక్కా" అనేది ఒకామె. "బర్రె కొమ్ము తాకింది" అనేది ఇంకొకామె. వాళ్లింట్లో బర్రె లేదు, అమ్మేసి రెండేళ్లయింది. నేను టేపు కొస పళ్ల మధ్య పెట్టుకుని తలూపేదాన్ని. నోట్లో టేపు ఉంటే మాట్లాడక్కర్లేదు గదా.

ఇక జాకెట్టు చేతుల సంగతి. మా దగ్గర ఎండాకాలం ఎట్లా ఉంటుందో ఉన్నవాళ్లకే తెలుసు. అట్లాంటి ఎండల్లో మోచేతి కిందిదాకా చేతులు పెట్టమని అడిగేవాళ్లు. "గింత ఎండల గంత పొడుగెందుకమ్మా?" అంటే, "గదే ఫ్యాషనట అక్కా" అనేవాళ్లు. పొలంలో నాట్లకు పోయే ఆమెకూ, బడిలో పాఠాలు చెప్పే మేడంకూ ఒకే ఫ్యాషన్. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో గోడకు చెవి ఆనించి వినాల్సిన పని నాకు లేదు. చేతుల పొడుగు రాసుకున్న నా పుస్తకం చూస్తే చాలు, సగం వాడ కనిపిస్తుంది.

నావి కూడా పెళ్లైన కొత్తలో నాలుగేళ్లు పొడుగు చేతులే. నేను మిషన్ కొనుక్కుని, దుకాణం పెట్టి, ఇంట్లోకి నాలుగు గింజలు తేవడం మొదలుపెట్టాక మా ఆయన చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందని ఆయన్ను అడగలేదు, ఎందుకు కొట్టావనీ అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ నాకు నేర్పింది. ఓర్చుకున్నాను, గట్టెక్కాను. అది నాలో ఒక పొగరుగా మిగిలిపోయింది. ఓర్చుకోలేనివాళ్లను చూస్తే నాకు లోలోపల చులకన. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, తర్వాత నేను చేసిందంతా ఇందులోంచే వచ్చింది.

దుకాణం వెనక సందులో ఒక కుటుంబం కిరాయికి ఉండేది. ఆమె తల్లిగారిది బీర్కూర్. వాళ్లకు ఒక్కతే కూతురు. మొగుడు రైసుమిల్లులో గుమస్తా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అతనిది అంత మంచి నోరు. సందులో ముసలివాళ్లకు దవాఖాన నుంచి మందులు తెచ్చిపెట్టేవాడు. "అక్కా, బాగున్నవా?" అని పలకరించకుండా నా గడప ముందు నుంచి పోయేవాడు కాదు. అతని గురించి ఎవరైనా ఒక్క మాట చెడ్డగా అంటే, అన్నవాళ్లనే సందంతా తప్పుపట్టేది.

ఆరేళ్ల కిందట ఒకరోజు ఆమెకు కొలత తీస్తున్నాను. భుజం వెనక కాలిన మచ్చలు మూడు, వరుసగా, సిగరెట్టు మొనంత. నా చెయ్యి ఆగింది. ఆమె తల తిప్పి, "చూసినవ్ గదా అక్కా" అంది. ఏడవలేదు. ఎవరో ఒకరు చూశారన్న నెమ్మది ఉంది ఆ గొంతులో. నేను టేపు చుట్టుకుంటూ, "సర్దుకోవాలె చెల్లె. నాక్కూడ అయింది, పోయింది. పిల్ల పెద్దగైతే గాయినే మారుతడు" అన్నాను. ఏదో మందు చీటీ రాసిచ్చినట్టు అన్నాను. ఆమె కొంగు వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడే నేను ఆ అట్ట రాసి గోడకు తగిలించాను.

ఆ రోజు నుంచి ఆమె కూడా అందరిలాగే ఆది జాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి పోయేది. ఆరేళ్లు ఒకటే ఆది. నాకు హాయిగా ఉండేది.

మొన్నటి బతుకమ్మ ముందు, దుకాణంలో కాలు పెట్టే సందు లేని రోజుల్లో, ఆమె లంగా బట్ట తెచ్చింది. లోపలి వైపు పెద్ద జేబు కావాలంది, జిప్పుతో. "పైసలకా?" అన్నాను. "కాగితాలకు" అంది. తర్వాత వారం రోజుల్లో నాలుగైదుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా కొంగులోంచి ఏదో ఒకటి తీసి ఇచ్చేది, నేను ఆ జేబులో దాచేదాన్ని. తన ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, కూతురు పుట్టిన సర్టిఫికెట్, తన పదో తరగతి మెమో. అన్నీ ఒకేసారి తీస్తే బీరువా ఖాళీ అయినట్టు అతనికి తెలిసిపోతుందట. తల్లిగారింటికి పోయేటప్పుడు అతను సంచి వెతుకుతాడట. అందుకే లంగా నా దగ్గర. గురువారం పొద్దున బతుకమ్మ పండుగకని బయలుదేరి, నా దుకాణంలో లంగా కట్టుకుని, కూతుర్ని తీసుకుని బీర్కూర్ బస్సెక్కుతుంది. ఇక రాదు.

"ఎవ్వలకియ్యకు అక్కా. నేనే వస్త" అంది.

"గట్లనే తియ్" అన్నాను.

మా దుకాణాల పద్ధతి ఒకటుంది. ఇంటి మనుషులు ఎవరొచ్చినా కవరు ఇచ్చేస్తాం. అత్త వచ్చినా, పిల్లలు వచ్చినా, మొగుడు వచ్చినా సరే. చీటీలు, సంతకాలు ఏమీ ఉండవు. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది అందరికీ తెలిసిందే. బట్టలు కాకపోయినా అయినట్టే మాట్లాడతాం, అయినా కానట్టు మాట్లాడతాం. "రేపు రా" అంటాం. దర్జీ రేపు ఎప్పుడూ రాదని మా వాడలో పిల్లలు కూడా ఎగతాళి చేస్తారు. ఆ మాట నేను రోజుకు ఇరవైసార్లు అంటాను.

బుధవారం మధ్యాహ్నం అతను వచ్చాడు. దుకాణంలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చెప్పులు బయట విడిచి, నవ్వుతూ, "అక్కా, మా ఇంటామె బట్టలు అయినయా? రేపు తల్లిగారింటికి పోతదట. ఆమెకు పని ఎక్కువుంది, నేనే తీస్కపోత" అన్నాడు.

లంగా ఆమె కవర్లోనే, జాకెట్ల కింద మడతపెట్టి ఉంది. జేబు జిప్పు వేసి ఉంది. కాలేదు, రేపు రా తమ్మీ అంటే సరిపోయేది. ఇరవై ఏళ్లుగా నోటికి అలవాటైన అబద్ధం. ఆ ఒక్కరోజు నోటికి రాలేదు.

తర్వాత అడిగినవాళ్లందరికీ నేను పని తొందరలో మరిచిపోయానని చెప్పాను. మరిచిపోలేదు. చెయ్యి కవరు మీద పెట్టినప్పుడు నాకు గుర్తుంది. అతను చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు, నలుగురు చూస్తున్నారు. కాలేదంటే, కవరు కనిపిస్తోంది గదా అంటాడు, గొడవవుతుంది, మొగుడూ పెళ్లాల మధ్య దూరిందన్న పేరొస్తుంది. ఇంకా ఒకటి ఉంది. నేను ఓర్చుకోలేదా, ఈమె ఎక్కడికి పోతుంది అన్న ఆ పాత పొగరు ఒక్క క్షణం తలెత్తింది. కవరు తీసి ఇచ్చాను. "జర పైలంగ తీస్కపో తమ్మీ" అని కూడా అన్నాను.

పొద్దుగూకే వేళకు సందులోంచి అరుపులు వినిపించాయి. మొదట గిన్నెలు పడ్డ చప్పుడు, తర్వాత ఆమె గొంతు, తర్వాత పిల్ల గొంతు. నా మిషన్ కు మోటారు ఉంది, గట్టిగా చప్పుడు చేస్తుంది. నేను పెడలు మీద నుంచి కాలు తీయలేదు. ఒక జాకెట్టు చేతికి అవసరం లేకపోయినా మూడు వరసలు కుట్టు వేశాను. కాసేపటికి కాగితాలు కాలిన వాసన వచ్చింది. నీళ్లు కాచుకునే పొయ్యిలో వేశాడట. మెమో, సర్టిఫికెట్, అన్నీ.

మర్నాడు నలుగురూ చెప్పుకుంటుంటే, మెట్ల మీంచి పడి ఆమె చెయ్యి విరిగిందని తెలిసింది. నేను తేలు కుట్టిన దొంగలా విన్నాను. వాళ్లు కిరాయికి ఉండే ఇంటికి మెట్లు లేవు.

మూడు వారాలకు ఆమె నా గడప ముందు నిలబడింది. ఎడమ చేతికి భుజం దగ్గరి నుంచి మణికట్టు దాకా పట్టీ. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది, ఇద్దరం సమానమయ్యేవాళ్లం. "జాకెట్టు ఎక్కుతలేదు అక్కా. చెయ్యి పక్కకు విప్పేటట్టు హుక్కులు పెట్టి కుట్టు" అంటూ బట్ట బల్ల మీద పెట్టింది.

నేను అలవాటుగా, "ఆది తెచ్చినవా?" అన్నాను.

ఆమె గోడ మీద అట్ట వైపు చూసింది. "గా ఆది ఇప్పుడు సరిపోతదా? కొలత తీస్కో" అంది.

తీశాను. మంచి చేతితో కొంగు తనే పక్కకు వేసుకుంది. సిగరెట్టు మచ్చలు ఆరేళ్లలో తెల్లబడ్డాయి. వాటి పక్కన కొత్తవి ఉన్నాయి. నడుం మీద, పక్కటెముకల మీద. పాత కొలత పుస్తకంలో ఆమె ఛాతీ ముప్పై ఆరు. ఇప్పుడు ముప్పై రెండు. నేను టేపు నోట్లో పెట్టుకోలేదు, పెట్టుకుంటే ఆమె ఊరుకునేలా లేదు.

"ఠాణకు పోయిన అక్కా" అంది వెనక్కి తిరిగే నిలబడి. "చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా అని అడుగుతున్నరు. సందుల ఎవ్వలు చూడలేదంటున్నరు. నువ్వు చూసినవ్. అప్పుడు చూసినవ్, ఇప్పుడు చూసినవ్. గా బుధవారం కూడ నీకు ఎరుకే. ఒక్కసారి వచ్చి చెప్తవా?"

కవరు ఎందుకిచ్చావని అడగలేదు. ఆ ప్రశ్న కోసం నేను మూడు వారాలుగా జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆమె అడిగింది ఇంకొకటి. ఇంట్లో ఏమంటారో, అతను ఏమంటాడో, దుకాణానికి ఎవరైనా వస్తారో రారో అని లోపల ఏవేవో తిరిగాయి. నోరు మాత్రం తన పాత దారే పట్టింది.

"రేపు రా చెల్లె" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి కొంచెం నవ్వింది. దర్జీ రేపంటే ఏమిటో ఆమెకు మాత్రం తెలియదా. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున కూతుర్ని తీసుకుని, ఉత్త చేతులతో, బీర్కూర్ బస్సెక్కిందని సందులో చెప్పుకున్నారు. అన్నదమ్ములు ఇంట్లో ఉండనిచ్చారట. కాగితాలు లేక పిల్లను అక్కడి బడిలో వేయడానికి నానా తిప్పలు పడ్డారట. చూసినవాళ్లు లేరని ఠాణాలో కేసు పక్కన పెట్టారట, పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ మాట్లాడుతున్నారట. అతను ఇప్పటికీ "అక్కా, బాగున్నవా?" అంటాడు. "బాగున్న తమ్మీ" అంటాను నేను.

ఆమె జాకెట్టు కొలత తీసిన పూటే కుట్టేశాను. ఎడమ చెయ్యి పొడుగునా తెరిచి, ఎనిమిది హుక్కులు పెట్టాను. అంత శ్రద్ధగా నేను ఏ పెళ్లికూతురికీ కుట్టలేదు. తీగ మీద వేలాడుతుంటే మొన్న ఒక అమ్మాయి, "గిది కొత్త మోడలా ఆంటీ? నాక్కూడ గిట్లనే కుట్టు" అంది. ఆ పిల్లను కసిరి పంపించాను. పాపం, దానికేం తెలుసు.

బీర్కూర్ ఎంతో దూరం లేదు. బస్సు నా దుకాణం ముందు నుంచే పోతుంది. జాకెట్టు కవర్లో పెట్టుకుని రెండుసార్లు బస్టాండు దాకా పోయాను, రెండుసార్లూ తిరిగి వచ్చాను. జాకెట్టు చేతికిచ్చి వచ్చేయడం కుదరదు. ఇస్తే, చెప్తవా అని ఆమె మళ్లీ అడుగుతుంది. ఇప్పటికి పట్టీ విప్పేసి ఉంటారు, ఆ జాకెట్టుతో ఆమెకు పని కూడా లేదు. అయినా తీగ మీంచి తీయలేదు, గోడ మీద అట్టా తీయలేదు. పొద్దున దుకాణం తాళం తీస్తూ ఆ రెండింటినీ చూసి, రేపు పోదామనుకుంటాను.