నాది పూచీ అన్నాను

ఏళ్ళ తరబడి ఒక మాట నా లోపల ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. రోజూ డైరీ రాయడం నాకు చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు. వాన పడిందీ లేనిదీ, ఇంటికి ఎవరొచ్చిందీ, అన్నీ రాస్తాను. ఇది మాత్రం రాయలేదు. డైరీలో రాస్తే మళ్ళీ నేనే చదువుకోవాలి. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

సింగపూర్‌లో ఓడలకు పైపులు తయారుచేసే ఒక యార్డులో క్వాలిటీ మేనేజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. తప్పు జరిగితే మనిషిని కాదు, పని జరిగే పద్ధతిని పట్టుకోవాలి. భయం ఉన్నచోట నాణ్యత ఉండదు. ఇవే నేను చెప్పిన పాఠాలు. వాటిని నమ్మాను. నిజంగా నమ్మానా? నాకు ఇబ్బంది రానంతవరకు నమ్మాను. అలా నమ్మడం ఎవరికైనా తేలికే.

మా వెల్డర్లలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు. పొద్దున్నే పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి మాట్లాడేవాళ్ళం. ఒకరోజు మేనేజ్‌మెంట్ ఇచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెప్పడం నా వంతయింది. తన తప్పు తానే వచ్చి చెప్పినవాళ్ళ విషయం సానుభూతితో పరిశీలిస్తాం అని ఉంది అందులో. నేను అక్కడితో ఆగలేదు. చెప్పినవాడికి ఏమీ కాదు, నాది పూచీ అన్నాను. ఆ పూచీ నన్ను ఎవరూ అడగలేదు. మనవాళ్ళ ముందు పెద్దమనిషిననిపించుకోవాలన్న సరదా, అంతే. వాళ్ళు కాగితాన్ని నమ్మలేదు, నన్ను నమ్మారు.

కొన్నాళ్ళకు అప్పలరాజు అనే వెల్డర్ నా గదికి వచ్చాడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“తప్పు జరిగిపోనాది బాబూ. నిన్న వాడిన రాడ్లు సెమ్మగా ఉన్నాయి. ఓవెన్ వేడెక్కట్నేదు. పని ఆగిపోద్దని అలాగే వాడేసినాను.”

“ఇంకెవరికైనా చెప్పావా?”

“నేదు, మీకే. మీరు పూచీ అన్నారు గదా. నాకేటీ అవదు గదా బాబూ?”

“ఏమీ కాదులే. వెళ్ళి పని చూసుకో.”

వెల్డింగ్ రాడ్లను వాడేముందు ఓవెన్‌లో పెట్టి చెమ్మ పోగొట్టాలి. లేకపోతే అతుకు పైకి బాగానే ఉంటుంది, ఎప్పుడో లోపల పగులుతుంది. అతను చెప్పకపోతే ఆ పైపులు ఓడలోకి వెళ్ళిపోయేవి. ఇక నేను ఇంతకాలం దాచింది ఇదీ: ఓవెన్ పాడైందని నాకు అప్పటికే తెలుసు. కస్టమర్ మనుషులు తనిఖీకి రాబోతున్నారు, ఇప్పుడు మరమ్మతు పెట్టుకుంటే మన లోపం మనమే చూపించుకున్నట్టవుతుంది, వాళ్ళు వెళ్ళాక చూద్దాం అన్నది నేనే. అన్నవాణ్ణి, అంతవరకు వెల్డింగ్ ఆపమని మాత్రం అనలేదు.

అతుకులన్నీ కోయించి మళ్ళీ వేయించాను. పని ఆలస్యమైంది. కస్టమర్‌కు కారణం చెప్పాల్సి వచ్చింది. మీటింగ్‌లో మా డైరెక్టర్ నావైపు చూశాడు. ఓవెన్ పాడైంది, బాగుచేయించనిది నేను. అంతే చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. వెల్డర్ నిర్లక్ష్యం, అన్నాను. పేరు అడిగారు. పేరూ చెప్పాను.

అతని పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేశారు. ఊళ్ళో కట్టుకుంటున్న ఇంటికి ఇంకా శ్లాబు పడలేదని తోటివాళ్ళు అనుకుంటుంటే విన్నాను. వెళ్ళేముందు నన్ను కలవాలని వచ్చాడు. మీటింగ్‌లో ఉన్నానని చెప్పించాను. గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. ఏమడుగుతాడని భయపడ్డాను? తిట్టేవాడా? తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. బహుశా తిట్టడనే భయపడి ఉంటాను.

ఆ తర్వాత మా యార్డులో ఎవరూ తప్పు చెప్పలేదు. తప్పులు ఆగలేదు, చెప్పడం ఆగింది. పైవాళ్ళు దాన్ని నాణ్యత అనుకున్నారు. నన్ను వేదికెక్కించి చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు దేనికో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు, అయినా దండం పెట్టి నవ్వాను. దీన్ని తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీదా, నా మీదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాదు, తేలింది. ఒప్పుకోవడమే కుదరడంలేదు.

పోయిన ఆదివారం క్రాంజీలో పనివాళ్ళుండే ఒక డార్మిటరీకి నన్ను పిలిచారు, మన కుర్రాళ్ళకు పనిలో నాణ్యత గురించి నాలుగు మాటలు చెప్పమని. నేనుండే టోవా పాయో నుంచి వెళ్తూ దారంతా మనసులో పాఠం వల్లెవేసుకున్నాను. తీరా మాట్లాడుతుంటే, తప్పు జరిగితే భయపడకుండా చెప్పండి అనే చోటికి వచ్చేసరికి ఆగిపోయాను. గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. పాపం, అంకుల్‌కు వేడినీళ్ళు తెమ్మని ఒకతను ఇంకొకణ్ణి కసిరాడు. ఆ నీళ్ళు తాగాను. వాళ్ళకు చెప్పాల్సింది అప్పుడు కూడా చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ తప్పు అప్పలరాజుది కాదు, నాది. అతను ఎక్కడున్నాడో నేను ఎప్పుడూ వాకబు చేయలేదు, కాబట్టి ఈ మాట అతనికి చేరదు. చేరినా అతనికి ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అది కూడా అన్యాయమే.