కోమల గుండు గురించి మేడం అడిగినప్పుడు

పదకొండేళ్లుగా ఒక మాట నాలో ఉండిపోయింది. అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకునేదాన్నేమో. నిజమైన మాటే, దానితోనే ఒక మనిషిని పక్కకు తోసేశాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే నన్ను ఓదారుస్తారు, నాకు అది వద్దు.

ఆమెను కోమల అంటాను. అసలు పేరు కాదు. తిరుత్తణిలో నేతవాళ్ల ఇంటి పిల్ల. మాది పక్క వీధి, సేద్యం చేసేవాళ్లం. ఇద్దరం ఒకే కాలేజీలో నర్సింగ్ చదివాం. చివరి ఏడాది నేను ఒక పేపరు తప్పాను. మళ్లీ రాయబోయే ముందు కోమల మా ఊరి కొండ మీద స్వామికి మొక్కుకుంది. నేను పాసై, ఇద్దరికీ రిజిస్ట్రేషన్ నంబర్లు వస్తే తలనీలాలు ఇస్తానని. తను అప్పటికే పాసైంది. అంటే ఆ మొక్కు నా కోసం. అది నాకు ముందే తెలుసు. తరువాతెప్పుడో తెలిసిందని మీరు అనుకోకూడదని ఇక్కడే చెబుతున్నాను.

నంబర్లు వచ్చిన వారానికే ఆడికృత్తిక, మా కొండ మీద మొక్కులు తీర్చుకునే పండగ. ఆ తరువాత మూడో రోజు తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. కొత్త నర్సులను తీసుకునే చోట్లు తక్కువ. అనుభవం ఉందా అని అడుగుతారు. ఎవరూ తీసుకోకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడున్న ఖాళీ ఒక్కటే. ఇంటర్వ్యూ అయ్యాక గుండు చేయించుకోమని కోమలకు చెప్పాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదనే అనుకుంటాను.

"ఒక మొక్కు తీర్చకుండానే ఇంకోటి అడిగితే స్వామి నవ్వడా మే?" అనింది.

ఇంటర్వ్యూ రోజు రైల్లో గుండుకు గంధం పూసుకుని, పైన చున్నీ కప్పుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న చిన్నపిల్ల ఆమెనే చూస్తోంది.

"నన్ను చూసి పేషెంటనుకుని పండబెట్టేస్తారేమో మే. పండబెడితే నువ్వే వచ్చి సెలైన్ ఎక్కించు. నీకు నరం యాడ దొరుకుతుంది గానీ."

నేనూ నవ్వాను. నాకు నరం దొరకదన్నది క్లాసులో అందరికీ తెలుసు.

ముందు ఆమెను పిలిచారు. చాలాసేపటికి బయటికొచ్చింది. "సూది వేయించి చూసినారు. ఒక్కసారికే దొరికింది," అనింది. తరువాత నేను. వార్డులో ఒక ముసలాయన చేతికి రెండుసార్లు గుచ్చాను. మూడోసారి పక్కనున్న నర్సు నా చేతిలోంచి సూది తీసుకుంది. తిరిగి గదిలోకి వచ్చాక, అక్కడి నర్సులందరికీ పెద్దయిన మేట్రన్ నా కాగితాలు మూసింది. యాభై దాటిన, ముక్తసరిగా మాట్లాడే మనిషి. ఆ సంభాషణ తమిళంలో జరిగింది. తెలుగులో రాస్తుంటే ఇంకా నీచంగా కనిపిస్తోంది.

"ఇందాక వచ్చిన పిల్ల మీ ఊరేనా? ఆ గుండు మొక్కేనా?"

"మొక్కనే చెప్తావుంది మేడం."

ఆమె పెన్ను ఆగింది. "అంటే? ఒంట్లో ఏమన్నా ఉందా?"

"నన్ను అడగద్దండి మేడం. స్నేహితురాలు."

తల వంచుకున్నాను. ఆ తల వంచడం నేను కావాలని చేసిందే. ఆమె కోమల కాగితం మీద ఏదో రాసి అడుగున పెట్టింది. ఉద్యోగం నాకు వచ్చింది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది నాకు? రైల్లో ఆమె వేసిన జోకులోంచే. నాకంటూ ఒక కుట్ర పన్నే తెలివి కూడా లేకపోయింది.

కోమల మాత్రం తన ఇంగ్లీషు బాగాలేక ఉద్యోగం రాలేదనుకుంది. ఎవరూ అలా చెప్పలేదు, తనకు తానే అనుకుంది. ఆవడిలో మంచాన పడ్డ ఒక పెద్దావిడను చూసుకునే పనికి చేరింది. వాళ్లు నర్సు అని పిలుస్తూనే అంట్లు కూడా తోమించేవాళ్లు. సెలవు దొరికిన ఆదివారం నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడేది. నేను తప్పులు దిద్దేదాన్ని. చాలా ఓపిగ్గా దిద్దేదాన్ని. "ఇంకా కొంచెం రావాల కోమలా," అనేదాన్ని.

ఏడాది తిరిగాక మా వార్డులో ఇంకో ఖాళీ వచ్చింది. మేడమే నన్ను ఆపి అడిగింది, ఆ పిల్లకు ఇప్పుడెలా ఉందని. తెలీదు మేడం, మా మధ్య మాటల్లేవు అన్నాను. అంతకుముందు ఆదివారమే కోమల ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాను.

మొదటిది భయం అనుకుందాం. ఉద్యోగం కావాలి, ఖాళీ ఒకటే ఉంది, నాకు సూది వేయడం రాదు. మరి రెండోది? అప్పటికి నా ఉద్యోగానికి ఏ ప్రమాదమూ లేదు. ఆమె వస్తే మేడంతో మాట్లాడుతుందని, గుండు సంగతి బయటపడుతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం, నా పక్కన ఆమె నిలబడి ఒక్కసారికే నరం దొరకబుచ్చుకుంటుంటే రోజూ చూడటం నాకు ఇష్టం లేదు. నాకోసం జుట్టు ఇచ్చిన మనిషి నాకంటే తక్కువగానే ఉండాలని కోరుకున్నాను.

ఆమె తరువాత ఒక స్కాన్ సెంటర్లో పేర్లు పిలిచే పనిలో చేరింది. మొన్న చలికాలంలో జ్వరమొచ్చి ఐదు రోజుల్లో పోయింది. ఆ చావుకు నేను కారణం కాదు. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

పదకొండో రోజు వాళ్లమ్మ నా పక్కన కూర్చుంది. "దానికి నీ మాదిరి ఇంగ్లీషు రాకపాయె. నువ్వు ఎంత నేర్పినావో పాపా. దాని తలకు ఎక్కలేదు," అనింది. పుస్తకాల్లో అయితే ఇలాంటి చోట నిజం బయటికొస్తుంది. నేను తలూపాను. ఆమె ఇచ్చిన కాఫీ తాగాను. చెబితే ఆ తల్లికి ఇంకో దుఃఖం తప్ప ఏం మిగులుతుందని అప్పుడు అనుకున్నాను. అది దయ కాదు. ఆ ఇంట్లో నాకున్న మంచిపేరు పోగొట్టుకోలేకపోయాను. కూతురికి తెలివి తక్కువని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది.

కోమలకు ఏ జబ్బూ లేదు. ఇంగ్లీషు నాకంటే తక్కువేమీ కాదు. సూది నాకంటే బాగా వేసేది. ఆమెకు ఉద్యోగం రాకుండా చేసింది నేను.

రాశాక కొంచెం తేలికగా ఉంది. ఇదీ నాకే దక్కింది.