పైడమ్మకి ఊరి పేరు నేర్పిన టీచరమ్మ

మా చిన్నతనంలో... పద్మనాభంలో మా అమ్మ పొలానికి బయల్దేరే ముందు చెల్లి పైడమ్మ నడుముకి పాత చీర చుట్టి, రెండో కొస వసారా గుంజకి కట్టేది.

పైడమ్మకి అప్పటికి ఏడేళ్లు. మాట లేదు. పిలిస్తే చూడదు. తలుపు తీసుంటే చాలు, కాళ్లు ఎటు లాగితే అటు పోయేది. ఎవరైనా అడిగినా ఊరూ పేరూ చెప్పలేదు. ఒకసారి తప్పిపోతే ఇక దొరకదని అమ్మ భయం.

మా బడికి పట్నం నుంచి రోజూ బస్సులో వచ్చే శాంతమ్మ టీచరు ఇది చూసి, పిల్లని రేపట్నించి బడికి పంపమన్నారు.

"పలకలు ఇసిరేత్తాదండి టీచరమ్మా... సెయ్యి కూడా కొరికేత్తాది" అంది అమ్మ, ముందుజాగ్రత్తగా.

అన్నట్టే కొరికింది. పలకలు విసిరింది. పిల్లల చద్దన్నం గిన్నెలు బోర్లించింది... నాకు బలే సరదా, పాఠం ఆగిపోయేది కదా. టీచరమ్మకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. బొమ్మలు చూపించారు, గింజలు పేర్పించారు, బతిమాలారు. వానలు మొదలైనా పైడమ్మ నోట ఒక్క ముక్క రాలేదు.

అప్పుడు ఊడుపులొచ్చాయి. బడి వెనక మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తూ పాట అందుకున్నారు. కిటికీ దగ్గర పైడమ్మ ఊగుతూ ఆ రాగం తీసింది... మాటల్లేవు గానీ, రాగం పిసరంత తప్పలేదు. టీచరమ్మ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి అక్షరాలు పక్కన పెట్టేశారు. అదే రాగంలో పాడేవారు... "నా పేరు పైడమ్మో... మా ఊరు పద్మనాభమో... మా నాన్న అప్పన్నో..."

ముందు ఊరొచ్చింది. చాలా రోజులకి తన పేరు, ఆ తర్వాత నాన్న పేరు వచ్చాయి. నేనూరుకుంటానా? ఇంట్లో నాన్న పేరు పక్కన ఒక ముక్క తగిలించాను... "రాత్రంతా గురకో..." (ఆ గురక నాకూ వచ్చిందని మా ఆవిడ అంటుంది, నమ్మకండి.)

బడిలో అది వినగానే టీచరమ్మ, ఎవడి పనో అడక్కుండానే, నా చెవి పట్టుకున్నారు. కానీ ఆ ముక్క దగ్గర పైడమ్మ నవ్వింది. నవ్వుతూ మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది.

నా చెవి వదిలేశారు. "ఆ ముక్క తియ్యకురా. రోజూ పాడించు" అన్నారు, అటు తిరిగి.

ఆ ఏడాది బట్టలు కొందామని అందరం విశాఖపట్నం వెళ్లాం. మార్కెట్ జనంలో పైడమ్మ నాన్న చెయ్యి వదిలేసింది. అంతే... ఎటు చూసినా లేదు. అమ్మ రోడ్డు మీదే కూలబడింది. నాన్నా నేనూ కొట్టు కొట్టూ తిరిగాం. చిన్నపిల్ల ఓడరేవు వైపు పోయిందని ఎవరో అంటే నాన్న మొహంలో నెత్తురు లేదు. నా జీవితంలో నాకు వేళాకోళం రాని రోజు అదొక్కటే.

చివరికి బస్టాండులో అడుగుదామని వెళ్తే... మా ఊరి బస్సులో ముందు సీట్లో పైడమ్మ, జంతిక కొరుకుతూ! ఏడుస్తూ పాడుతుంటే పూలమ్మే ఆవిడ విని, పాటలో ఊరి పేరు పట్టుకుని ఇక్కడికి చేర్చిందట.

కండక్టరు నాన్నని ఎగాదిగా చూశాడు. "అప్పన్నంటే నువ్వేనేటి బావా? ఊరూ పేరూ అన్నీ సెప్పేసినాదిలే. నీ గురక గురించి కూడా సెప్పినాది."

బస్సంతా నవ్వింది. నాన్న కూడా నవ్వబోయి... పైడమ్మని ఒళ్లోకి లాక్కుని భోరుమన్నాడు.

మర్నాడు అమ్మే స్వయంగా వెళ్లి ఈ కబురు చెప్పింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుండిపోయారు. "ఎన్నిసార్లు మానేద్దామనుకున్నానో అమ్మా" అన్నారు. మధ్యాహ్నానికి మాత్రం రోడ్డు దాటే పాట మొదలెట్టేశారు.

ఇప్పుడు మధురవాడలో మా ఇంటి దగ్గరే అలాంటి పిల్లల బడి ఉంది. అందుకోసమే చదువుకున్న టీచర్లున్నారు. పొద్దున్నే గేటు దగ్గర పిల్లల్ని దింపే తల్లుల్ని చూస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

మీకూ ఇలాంటి టీచరు ఒకరు తెలిసే ఉంటారు... పేరు కింద రాయండి, నేను చదువుకుంటాను. అప్పట్లో అలాంటి మనిషి తగలాలంటే అదృష్టం ఉండాలి... ఇప్పుడు ఆటోవాడికి బడి పేరు చెబితే చాలు.