రేడియేటర్‌లో నీళ్ళు, నెత్తిమీద మంచు

శనివారం పొద్దున్న ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, బస్ అంకుల్ పోయారు," అంది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, ఉల్లిపాయల ఘాటు అనుకుని మా ఆవిడ నా చేతిలోంచి కత్తి తీసేసుకుంది. విషయం చెప్పాక తనూ పక్కనే స్టూల్ మీద కూలబడింది. ఆ పూట ఉప్మా ఎవరూ తినలేదు.

ఇప్పుడు మేం సెంగ్‌కాంగ్‌లో ఉంటున్నాం గానీ, కొత్తగా సింగపూర్ వచ్చినప్పుడు టాంపినీస్‌లో అద్దెకున్నాం. వైటూకే పుణ్యమా అని కంప్యూటర్ చదువులవాళ్ళకి రెక్కలొచ్చిన కాలం అది. నేనూ సైన్స్ పార్క్‌లో ఉద్యోగమని పెట్టె సర్దుకుని దిగాను. అంకుల్‌ది మా పక్క ఫ్లాట్. ఆయన తాతగారు ఎప్పుడో విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అంకుల్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. స్కూలు పిల్లల మినీబస్ నడిపేవారు. మేం దిగిన రోజున లిఫ్ట్ దగ్గర ఆపి, "ఏటి బాబూ, మకాన్ అయిందా?" అని పలకరించారు. నేను బిక్కమొహం వేస్తే, "అన్నం తిన్నావా అంటున్నారు" అని ఆంటీ అర్థం చెప్పి, తినలేదని నా మొహంలోనే చూసి, చేపల పులుసు గిన్నె పంపించింది.

మా అమ్మాయి వెళ్ళేది ఆయన బస్సులోనే. పొద్దున్నే ఆయన సిరప్ సీసానిండా నీళ్ళు పట్టుకుని కార్ పార్క్‌కి దిగేవారు. బానెట్ ఎత్తి, రేడియేటర్‌కి నీళ్ళు పోసి, మిగిలిన గుక్కెడు తను తాగి, అప్పుడు స్టార్ట్ చేసేవారు. "ముందు బండి తాగాలి, తరవాత మనం. దానికి నోరు లేదు గదా," అనేవారు. ఈ ఎండలో ఆయన బస్సు రోడ్డు మీద ఆగిపోయిందని ఎవరూ వినలేదు. పిల్లలకి టైమ్ తప్పినా తప్పేది గానీ ఆ నీళ్ళకి తప్పేది కాదు.

సెలవులొస్తే మమ్మల్ని కూడా ఎక్కించుకుని మలేషియా కొండల మీదకి తీసుకెళ్ళేవారు. బయల్దేరే ముందు రోజు రేడియేటర్‌లో నీళ్ళు సగం వదిలేసి కొత్తనీళ్ళు పొయ్యడం ఆయన ఆచారం. పాతనీళ్ళతో కొండెక్కితే బండికి ఆయాసం వస్తుందట. మనం కొబ్బరికాయ కొడతాం, ఆయన నీళ్ళు మారుస్తారు, అంతే తేడా.

ఆంటీకి మాత్రం ఆ కొండలు ఆనేవి కావు. ఆవిడ కోరిక మంచు. టీవీలో మంచు కనిపిస్తే చేతిలో పని వదిలేసి నిలబడిపోయేది. "పడిపోయిన మంచు కాదు బాబూ, పడుతుండగా చూడాలి. అదెట్టా పడుతుందో," అనేది. పెళ్ళయిననాటినుంచీ అడుగుతోందట. ఆయనేమో స్కూళ్ళు ఉన్నన్నాళ్ళూ కదలరు, సెలవుల్లో టిక్కెట్లు కొనలేరు. చివరికి ఒక డిసెంబరులో వాళ్ళిద్దరూ, మేం ముగ్గురం కలిసి ఉత్తర జపాన్‌కి వెళ్ళాం. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి అద్దెకారు స్టీరింగ్ ఆయనే పట్టారు. ముందు సీట్లో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, "ఈ సీటు చోప్. మీ ఆంటీకి," అన్నారు. హాకర్ సెంటర్‌లో తిండికెళ్తే టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపుకునే మర్యాదే ఇక్కడా.

ఖర్మ కొద్దీ మేం వెళ్ళిన దగ్గర్నుంచీ ఆకాశం అద్దంలా ఉంది. రోడ్ల పక్కన మంచు గుట్టలున్నాయి, బురదా మసీ కలిసిపోయి. ఆంటీ వాటిని చూసి, "ఇది పడిపోయిందే గదా," అని పెదవి విరిచేది. ఆఖరి రోజు మిగిలింది. మర్నాడు విమానం. ఆరోజు మధ్యాహ్నం పైన కొండమీద మంచు పడొచ్చని ముందురాత్రే హోటల్లో చెప్పారు. ఆ మాట విని ఆంటీ పొద్దున్నే కోటు తొడుక్కుని తలుపు దగ్గర కూర్చుంది.

ఊరు దాటి చాలా దూరం బాగానే వెళ్ళాం. బయట చలి మైనస్ ఇరవై. ఎత్తు మొదలయ్యేసరికి ఇంజిను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు లేవడం మొదలెట్టింది. అంకుల్ బండి పక్కకి తీసి ఆపారు. "ఈ చలిలో వేడెక్కడమేంటి?" అన్నాను. ఆయన దిగి, బానెట్ ఎత్తి, దూరంనుంచే గొట్టం మీద చెయ్యి ఆడించారు. తర్వాత గ్లవ్ తీసి రేడియేటర్‌ని తాకారు.

"గొట్టం కాలిపోతంది బాబూ. రేడియేటరేమో ఐసుగడ్డ," అన్నారు.

"అదెలా?"

"రాత్రి హోటల్ గ్యారేజీలో నీళ్ళు మార్చాను. కొండెక్కుతున్నాం గదా అని."

అప్పటిదాకా అందులో ఉన్నది గడ్డకట్టని పచ్చమందు. ఆయన దాన్ని సగం వదిలేసి, మన అలవాటు ప్రకారం కుళాయినీళ్ళు పోశారు. గ్యారేజీ వెచ్చగా ఉండబట్టి రాత్రి గడిచింది. రోడ్డెక్కాక ఎదురుగాలికి రేడియేటర్ గడ్డకట్టింది. నీళ్ళు తిరిగే దారి మూసుకుపోయి ఇంజిను తన వేడికి తనే ఉడికిపోతోంది. సింగపూర్ మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది.

ఆంటీ ఏమంటుందోనని నాకు భయం వేసింది. ఇన్నేళ్ళ కోరిక, మిగిలింది ఒక్క పూట. అంకుల్ ఆవిడ వైపు తిరిగి, "అయ్యో అలామా, ముద్దుచేసి చంపేశాను బండిని," అని పకపకా నవ్వారు. "తప్పు మనదైతే ముందు నవ్వేది కూడా మనమే అవ్వాలి" అని పిల్లలకి చెప్పే మాట ఆయన తన మీదే వాడుకున్నారు. ఆంటీ ఒక్క క్షణం కొరకొరా చూసి, తనూ నవ్వేసింది.

"ఆ ఫ్లాస్క్ ఇలా ఇవ్వు, దీని మీద పోస్తాను," అన్నారాయన.

"టీ ఇవ్వను. ఆ ఒక్కటీ అడక్కు," అంది.

రేడియేటర్ కరగాలంటే ముందునుంచి గాలి తగలకూడదు. మేం ఎక్కడికెళ్ళినా రైస్ కుక్కర్ మోసుకెళ్ళే జాతి కదా, డిక్కీలో ఉన్న దాని అట్టపెట్టె చింపి అడ్డం పెట్టాం. కట్టడానికి తాడు లేదు. బానెట్ దించి, ఆయనే అట్టని బండి ముక్కుకి అదిమి పట్టుకుని నిలబడ్డారు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, "హీటర్ ఫుల్లుగా తిప్పు. ఇంజిను వేడి మనం పంచుకోవాల. ముల్లు పైకొస్తే ఆపెయ్," అన్నారు. కాసేపు ఇంజిను ఆన్ చెయ్యడం, కాసేపు ఆపడం. లోపల మేం ఉడికిపోయాం. కోట్లు విప్పాం, స్వెట్టర్లు విప్పాం. మా ఆవిడ మ్యాపుతో విసురుకుంటోంది. మా అమ్మాయి కిటికీ దించి, "అంకుల్, సో హాట్ లా," అని అరిచింది. మైనస్ ఇరవైలో చెమట తుడుచుకున్న కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది.

"ఇక పైకి వద్దు. కరిగాక మెల్లగా కిందకే," అన్నారు అంకుల్ బయటినుంచి. ఆ మాటకి ఆంటీ సీట్లోంచి దిగి ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. అలిగిందేమో అనుకున్నాను. అప్పుడే వెలుతురు మందగించి, అద్దం మీద తెల్లటి నలక ఒకటి వాలి కరిగింది. ఇంకొకటి. కాసేపట్లో రోడ్డంతా చప్పుడు లేకుండా పడుతోంది.

అట్ట వదిలితే గాలికి పోతుందని అంకుల్ తల కూడా తిప్పలేదు. "పడతందా?" అని అడిగారు.

"నీ నెత్తిమీదే పడతంది," అంది ఆంటీ.

ఆకాశం వైపు చూడటం మానేసి ఆయన్నే చూసింది. తుమ్మెద రెక్కలా రంగేసుకున్న ఆ జుట్టు చూస్తుండగానే తెల్లబడింది. "ముసలాయనవైపోయావు," అని నవ్వుతూ, గ్లవ్ తీసేసి, అరచేత్తో రెండుసార్లు మంచు దులిపింది.

ఆ తర్వాత ఆ కథ ఆయన చెప్పినప్పుడల్లా చలి పెరిగింది, మైనస్ ముప్ఫై, మైనస్ నలభై. మా ఆఫీసువాళ్ళెవరు చలిదేశానికి బదిలీ అయినా, మా ఇంటికొచ్చినప్పుడు లిఫ్ట్ దగ్గర పట్టుకుని, "అక్కడ బండికి దాహం వెయ్యదు, నీళ్ళు పొయ్యకు," అని హెచ్చరించేవారు. కెనడా వెళ్ళిన కుర్రాడొకడు కారు కొన్నానని మా కంటే ముందు ఆయనకే ఫోన్ చేశాడు.

సాయంత్రం టాంపినీస్ వెళ్ళాం. బ్లాక్ కింద షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన బస్సులో బడికెళ్ళిన పిల్లలు ఎంతమందో, కొందరు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఆ కథే చెప్పుకుని నవ్వుతున్నారు, ఎవరూ తప్పనుకోలేదు. అంకుల్ నిద్రపోతున్నట్టే ఉన్నారు. రంగు మానేసి చాలా ఏళ్ళయింది, జుట్టు ముగ్గుబుట్ట.

తీసుకెళ్ళే ముందు ఆంటీ దగ్గరికొచ్చింది. వంగి, అరచేత్తో ఆయన జుట్టు మీద రెండుసార్లు దులిపింది. పూలరేకులు పడ్డాయేమోనని పక్కనున్నావిడ తొంగిచూసింది. అక్కడేమీ లేదు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.