మరియదాసు సెట్టు, అచ్యుతరామారావు మీటరు

"...వెలగట్లేదని నేను మొత్తుకుంటుంటే వోల్టేజి ఉందంటారేంటండీ? ఉంటే దాన్నేం చేసుకోను, కూరలో వేసుకోనా?"

"రెండు వందల ముప్ఫై ఉంది. కొలిచాను. ఉన్నప్పుడు వెలగాలి."

"వెలగాలి, సరే. వెలగట్లేదుగా."

"అది వేరే సంగతి."

పటమటలో అచ్యుతరామారావు ఇంటి వరండాలో, ఆంప్లిఫయరు భుజాన పెట్టుకుని నిలబడ్డ మరియదాసుకు వంటింట్లో మొగుడూ పెళ్ళాల తగువు పూర్తిగా వినబడింది. తరవాత స్టూలు ఈడ్చిన చప్పుడయింది. ఇందిరాదేవి హాల్లో బల్బు విప్పుకెళ్ళి వంటింట్లో పెట్టింది. లైటు వెలిగింది. అచ్యుతరామారావు బల్ల దగ్గరికి వచ్చి నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, "వంటిల్లు. లోపం దానంతట అదే తొలగినది" అని రాసుకున్నాడు.

అలాంటి నోటుపుస్తకాలు ఆయన దగ్గర ఏడున్నాయి. కాలువల ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా గుమాస్తా. కాలువ మీద కాపలా ఉండే లస్కర్లు పంపే నీటిమట్టాల అంకెలను ఒక రిజిస్టరులోంచి ఇంకో రిజిస్టరులోకి ఎక్కించడం ఆయన పని. రోజూ కాలువ గట్టు మీదుగానే సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వెళ్ళేవాడు. నీళ్ళ వైపు చూసేవాడు కాదు. ఒక వేసవిలో కాలువ కట్టేశాక కూడా మట్టం అయిదడుగులని చీటీ వస్తే, అయిదడుగులే ఎక్కించాడు. ఎవరో అడిగితే, చీటీలో అలాగే ఉందన్నాడు.

పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో డిప్లొమా సంపాదించాడు. దాన్ని అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. మద్రాసు పాతసామాన్ల బజారుకు ఏటా ఒకసారి వెళ్ళి పరికరాలు తెచ్చేవాడు. సిగ్నల్ జనరేటరు ఒకటి, రేడియోలో గాజు బుడ్డిలాంటి వాల్వులను పరీక్షించే టెస్టరు ఒకటి, ఆకుపచ్చ గీత కదలాల్సిన, ఏనాడూ కదలని ఆసిలోస్కోపు ఒకటి. వీటన్నిటికీ ఇందిరాదేవి పాత చీరలతో ముసుగులు కుట్టించాడు. అన్నిటికంటే ఆయనకు ప్రాణం వోల్టులు కొలిచే మల్టీమీటరు. నల్లటి బేకలైటు పెట్టె, అద్దం కింద సన్నటి ముల్లు. దాన్ని తాకే ముందు చేతులు కడుక్కునేవాడు. ఈ సరంజామాతో ఆయన బాగుచేసిన రేడియో ఒక్కటి కూడా లేదు. బాగుచేసేవాళ్ళను మాత్రం తీసిపారేసేవాడు. గవర్నరుపేట మెకానిక్కులు తడివేలితో వాల్వు తట్టి లోపం చెబుతారనీ, అది విద్య కాదనీ అనేవాడు.

ఆ ఇంటి ముందుగది మరియదాసు అద్దెకు తీసుకుని మైకుసెట్టు పెట్టుకున్నాడు. ఒక ఆంప్లిఫయరు, రెండు బాకాలు, ఒక మైకు, పాటల పెట్టె. కంకిపాడు వైపు పెళ్ళిళ్ళు, గుడి పండగలు అతని బతుకు. కంకిపాడు దాటాక ఒక ఊళ్ళో చర్చి పండగకు మూడేళ్ళుగా అతనిదే సెట్టు. పోయినేడు ప్రసంగం మధ్యలో మైకు గరగరమంది. "హనుమాన్ జంక్షన్ సెట్టువాళ్ళకు నాలుగు బాకాలున్నాయి, దాసూ. ఈసారి నా మాట వెనక వరసకు వినబడకపోతే వాళ్ళని పిలుస్తాను" అని ఫాదరుగారు ముందే చెప్పారు. ఆ ఒక్క పండగను చూసే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు అతన్ని పిలుస్తారు. ఇప్పుడు పండగ పదిరోజులుందనగా మళ్ళీ గరగర మొదలైంది.

మరియదాసు సెట్టును గవర్నరుపేట తీసుకెళ్దామనే అనుకున్నాడు. అచ్యుతరామారావు వెళ్ళనివ్వలేదు.

"నేనుండగా బజారోళ్ళ దగ్గరికెందుకయ్యా? మనిషి చెడగొడతాడు. మీటరు చెడగొట్టదు."

ఇంటి ఓనరు మాట కాదనడం మరియదాసుకు చేతకాలేదు. సెట్టు దించాడు.

సెట్టుతోపాటు కంపెనీవాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితం ఒకటుంది. లోపల ఏ చోట ఎన్ని వోల్టులుండాలో అందులో వరసగా వేసి ఉంటుంది. అచ్యుతరామారావు స్కేలు పెట్టి ఒక్కొక్క వరసే చూసుకుంటూ మీటరు తీగ కొస ఆనించాడు. మొదటి వాల్వు దగ్గర నూట నలభై ఉండాలి. మీటరు డెబ్భై అయిదే చూపించింది.

"దొరికింది" అన్నాడు.

అప్పుడు పాటల పెట్టె మీద రికార్డు తిరుగుతోంది. మీటరు తీగ ఆనినప్పుడు పాట సగానికి సగం తగ్గింది. తీయగానే మళ్ళీ లేచింది. ఆయన మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తగ్గింది.

"సార్, మీరు అది పెట్టినప్పుడే గొంతు పడిపోతోందండి" అన్నాడు మరియదాసు.

"నువ్వు చెవితో వింటున్నావు. నేను కళ్ళతో చూస్తున్నాను. ఏది నమ్మాలి?"

"గరగర మైకు తీగ కదిపితే వస్తోందండి. అక్కడేమన్నా..."

"కాగితంలో మైకు తీగ గురించి ఏమన్నా ఉందా?"

లేదు.

"మైకు తీగ గురించి అడిగావా? అడక్కూడదు నాయనా" అంది ఇందిరాదేవి, మంచినీళ్ళ గ్లాసు మరియదాసు చేతికిస్తూ. "నాకు జ్వరమొస్తే థర్మామీటరు పెట్టి, తొంభై తొమ్మిదే ఉంది, లేచి వంట చెయ్యమన్న మనిషి."

వారం రోజులు పట్టింది. ఆ వాల్వుకు కరెంటు అందించే రెసిస్టెన్సు తీసేసి, అంతకంటే చిన్నది వేశాడు. ముల్లు తొంభైకి వచ్చింది. ఇంకా చిన్నది వేశాడు. నూట పది. ప్రతిసారీ మరియదాసు సైకిలు మీద గవర్నరుపేట వెళ్ళి కొత్త రెసిస్టెన్సు కొనుక్కొచ్చేవాడు. శుక్రవారం సాయంత్రానికి ముల్లు సరిగ్గా నూట నలభై మీద నిలబడింది. అచ్యుతరామారావు తెల్లకాగితం మీద "పరీక్షించి సరిచేయబడినది" అని రాసి, సంతకం పెట్టి, సెట్టు మూతకు అంటించాడు. రికార్డు పెట్టి చూద్దామా అని మరియదాసు అడిగితే, నూట నలభై వచ్చాక ఇంకా వినడమెందుకన్నాడు.

శనివారం పొద్దుగూకే వేళకు చర్చి ముందు బాకాలు కట్టారు. మరియదాసు మైకు ముందు నిలబడి "హలో, హలో" అన్నాడు. ఆ హలో మూడో వరస దాటలేదు. పైగా, చెంబులో నోరు పెట్టి మాట్లాడినట్టుంది. మైకు తీగ కదిలితే గరగర ఉండనే ఉంది. ఫాదరుగారు మెట్ల మీద నిలబడి విన్నారు. రాత్రి ప్రార్థనకు ఇంకా గంటన్నర టైముంది.

సీరియల్ లైట్లు కట్టడానికి కంకిపాడు నుంచి ఆమోసు వచ్చి ఉన్నాడు. మిలిటరీలో వైర్లెస్ పని చేసి వచ్చిన మనిషి. నిచ్చెన దిగి వచ్చి, మూతకు అంటించిన కాగితం ముందు చదివాడు.

"ఎవరు బావా ఈ సంతకం? కలెక్టరా?"

"మా ఇంటి ఓనరు. రేడియో డిప్లొమా."

"ఆహా. డిప్లొమా ఉన్న సెట్టు ఇట్టాగే మూలుగుద్ది."

మూత విప్పి చూసి, కంపెనీ కాగితం అడిగాడు. పైనుంచి కిందిదాకా చదివి, అట్టడుగున చిన్న అక్షరాల వరస మీద వేలు పెట్టాడు.

"ఇది చదివాడా మీ ఓనరు? ఈ అంకెలన్నీ వోల్టుకు ఇరవై వేల ఓముల మీటరుతో కొలిచినవంట. ఆయనది ఎంత?"

మీటరు అద్దం మూలన వెయ్యి అని వేసి ఉండటం మరియదాసుకు గుర్తుంది. వారం రోజులు చూశాడు దాన్ని.

"వెయ్యా? మరింకేం. ఆ ఓములు ఎంత తక్కువైతే మీటరు అంత కరెంటు తాగుద్ది. అది తాగుబోతు మీటరు బావా. ఎక్కడ ఆనిస్తే అక్కడ సగం కరెంటు అదే తాగేసి, మిగిలింది చూపిస్తది. ఆయన తీసేసిన రెసిస్టెన్సు మంచిదే. మీటరు తాగుడికి సరిపడా సెట్టుని చెడగొట్టాడు. వారం పట్టిందా? నేనైతే ఒక్కరోజులో చెడగొట్టేవాణ్ణి."

తన డబ్బాలోంచి మొదట ఉన్న కొలత రెసిస్టెన్సే ఒకటి వెతికి తీశాడు. పండగ వంటల పొయ్యిలో సీసం అతికే ఇనుము కాల్చుకొచ్చి అతికాడు. మైకు తీగ గుచ్చే చోట, వెనక వైపు, అతుకు ఒకటి పగిలి ఉంది. దానికీ ఇనుము తాకించాడు. తర్వాత బీడీ వెలిగించుకుని నిచ్చెనెక్కాడు.

ఆ రాత్రీ, మర్నాడూ ఫాదరుగారి మాట చర్చి దాటి చెరకు తోటల దాకా వినబడింది. సామాను బండికెత్తేటప్పుడు ఆయన వచ్చి, వచ్చే ఏడు బాకాలు ఇంకొంచెం ఎత్తున కట్టమని చెప్పి వెళ్ళారు.

సోమవారం పొద్దున మరియదాసు గది తలుపు తీస్తుంటే అచ్యుతరామారావు మీటరు పట్టుకుని వచ్చాడు. ఆఫీసుకు వెళ్ళే ముందు ఒకసారి చూసుకుంటానన్నాడు. ఆనించాడు. డెబ్భై అయిదు.

"చెడగొట్టుకొచ్చావన్నమాట."

"బాగా పలికిందండి. అయిదారు వందల మంది విన్నారు. ఫాదరుగారు వచ్చే ఏడు కూడా నన్నే రమ్మన్నారు."

"వినడం లెక్కలోకి రాదు. ఎవరు చెయ్యి పెట్టారు దీంట్లో?"

మరియదాసు కంపెనీ కాగితం తీసి, ఆమోసు చూపించిన వరస దగ్గర వేలు పెట్టి పట్టుకున్నాడు. అచ్యుతరామారావు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. తన మీటరు అద్దం మూలకు చూశాడు. మళ్ళీ చదివాడు. కాగితం మడిచి ఇచ్చేశాడు.

"ఇవి ఫ్యాక్టరీ వాళ్ళ కోసం రాసుకునే మాటలు. వాడుకునేవాళ్ళకి అక్కర్లేదు" అన్నాడు. "సెట్టు ఇక్కడ పెట్టి వెళ్ళు. బుధవారానికి మళ్ళీ నూట నలభైకి తెస్తాను."

మరియదాసు మైకు తీగ మోచేతికి చుట్టుకుని ముడి వేశాడు.

"సెట్టు పెట్టనండి. నెలాఖరుకి గది కూడా ఖాళీ చేస్తున్నాను."